కొలనోస్కోపీ ముందు తాగే మందు: కిడ్నీ, షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్ళకు ప్రమాదమా?

ప్రశ్న

నమస్కారం అండి. నాన్నగారికి 71 ఏళ్ళు. రక్తం తక్కువగా ఉందని, కారణం తెలుసుకోవడానికి వచ్చే గురువారం ఉదయం 11 గంటలకు కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరాతో చూసే పరీక్ష) పెట్టారు. ఇంకా ఎనిమిది రోజులుంది. పరీక్ష కంటే దానికి ముందు పేగు శుభ్రం కావడానికి తాగే మందు గురించే మాకు భయంగా ఉంది.

క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) 1.7. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ వాడుతున్నారు. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. రోజూ ఐరన్ మాత్ర. మోకాళ్ళ నొప్పి ఎక్కువైనప్పుడు డైక్లోఫెనాక్. గుండె జబ్బు లేదు, స్టెంట్ లేదు. మలబద్ధకం చాలాకాలంగా ఉంది.

హాస్పిటల్లో ఇచ్చిన కాగితంలో "పౌడర్ 2 లీటర్ల నీళ్ళలో కలిపి తాగాలి, నీళ్ళు బాగా తాగాలి" అని మాత్రమే ఉంది. ఏ మాత్రలు ఆపాలో రాయలేదు.

1. ఈ మందుల వల్ల కిడ్నీలు దెబ్బతింటాయని చదివాను. అన్ని పౌడర్లూ అంతేనా?
2. ఏ మాత్రలు ఎప్పటినుంచి ఆపాలి?
3. మొత్తం ముందు రోజు సాయంత్రమే తాగించేయొచ్చా? తెల్లవారుజామున లేపడం ఇబ్బంది.
4. నీళ్ళు ఎంత తాగినా పర్వాలేదా?

---

జవాబు: కిడ్నీ డాక్టర్

మీరు చదివింది నిజమే, కానీ అన్ని మందులకూ వర్తించదు. "పేగు శుభ్రం చేసే మందు" అని ఒకే మాట వాడతాం గానీ, అందులో ఒకదానితో ఒకటి పోలికలేని నాలుగైదు రకాలున్నాయి. నాన్నగారి వయసుకు 1.7 క్రియాటినిన్ అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతో చెప్పే లెక్క, తగ్గేకొద్దీ కిడ్నీ బలహీనం) 43 దగ్గర ఉంటుంది. కాబట్టి ముందుగా ప్యాకెట్ మీద ఏం రాసుందో చూడండి.

పాలీఇథిలీన్ గ్లైకాల్, వాడుకలో పెగ్, దానితో పాటు ఎలక్ట్రోలైట్లు, అంటే ఉప్పులు, అని ఉంటే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మేము మొదట ఎంచుకునేది అదే. పెగ్ పెద్ద అణువు, పేగులోంచి రక్తంలోకి దాదాపుగా వెళ్ళదు. తాగిన నీటిని తనతో పట్టి ఉంచి కిందికి తీసుకుపోతుంది. అందులో ఉప్పులు ఎందుకంటే, పేగు గోడ ఇటువైపు అటువైపు గాఢత సమానంగా ఉండాలి. పాతకాలపు 4 లీటర్ల ఫార్ములాలో లీటరుకు సుమారు 59 గ్రాముల పెగ్, 125 మిల్లీమోల్ సోడియం, 10 పొటాషియం, 35 క్లోరైడ్, 40 సల్ఫేట్, 20 బైకార్బనేట్ ఉంటాయి. ఈ లెక్క వల్ల ఒంట్లోంచి నీరు పెద్దగా బయటికి లాగబడదు, బయటి నీరు లోపలికి ఎక్కదు. తాగింది తాగినట్టు బయటికి వస్తుంది. అందుకే గుండె, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళలో కూడా దీన్నే నమ్ముకుంటాం.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. మలబద్ధకానికి రోజూ ఒక మూత చొప్పున తాగే పెగ్ పౌడర్ కొన్నింటిలో ఉప్పులు ఉండవు. "రెండూ పెగ్గే కదా" అని దాన్ని ఎక్కువ మొత్తంలో కలిపి తాగిస్తే సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఎలక్ట్రోలైట్లు అన్న మాట ప్యాకెట్ మీద కనబడాలి.

సోడియం ఫాస్ఫేట్ నాన్నగారికి వద్దు. మీరు చదివిన కిడ్నీ దెబ్బ ప్రధానంగా దీని వల్లే. తక్కువ నీటితో పని అయిపోతుంది, రుచీ పర్వాలేదు కాబట్టి ఒకప్పుడు బాగా వాడారు. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఫాస్ఫేట్ ఒక్కసారిగా రక్తంలోకి చేరితే అది కాల్షియంతో కలిసి కిడ్నీ గొట్టాల్లో స్ఫటికాలుగా పేరుకుంటుంది. క్రియాటినిన్ అప్పటికప్పుడే కాదు, రోజులు, వారాల తర్వాత కూడా పెరుగుతుంది. కొందరికి పూర్వస్థితికి రాదు, కొందరు డయాలసిస్ దాకా వెళ్ళారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో ఈ ఫాస్ఫేట్ మాత్రల మీద అత్యంత తీవ్రమైన బాక్స్ హెచ్చరిక వేయించింది. ఎవరికి ముప్పు ఎక్కువో ఆ హెచ్చరిక చెప్పిన పట్టీ చూస్తే: 55 ఏళ్ళు దాటినవాళ్ళు, ముందే కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళు, నీరసించి నీరు తగ్గినవాళ్ళు, మూత్రం ఎక్కువ చేసే నీటి మాత్రలు, టెల్మిసార్టాన్ వర్గం బీపీ మందులు, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాడేవాళ్ళు. నాన్నగారు ఆ పట్టీలో దాదాపు ప్రతి వరుసలోనూ ఉన్నారు.

ఫాస్ఫేట్ ఎనిమా (మలద్వారం గుండా ఎక్కించే మందు) విషయంలోనూ ఇదే జాగ్రత్త. పొద్దున పేగు సరిగ్గా శుభ్రం కాలేదని చివరి నిమిషంలో ఎనిమా ఇస్తుంటారు. మలబద్ధకం ఉన్న పెద్దవాళ్ళలో ఆ ద్రవం బయటికి రాకుండా లోపలే ఉండిపోతే ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కుతుంది. "కిడ్నీ ప్రాబ్లం ఉంది, ఫాస్ఫేట్ ఎనిమా వద్దు" అని ముందే చెప్పి ఉంచండి.

మెగ్నీషియం ఉన్నవి, అంటే మెగ్నీషియం సిట్రేట్, లేదా సోడియం పికోసల్ఫేట్‌తో మెగ్నీషియం కలిసిన సాషేలు: ఒంట్లో చేరిన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీయే. ఈజీఎఫ్ఆర్ 30 లోపు ఉంటే వాడకూడదు. 43 దగ్గర కూడా, పెగ్ దొరుకుతుండగా ఇది ఎందుకు అన్నది నా అభిప్రాయం. మెగ్నీషియం పెరిగితే మత్తుగా ఉండటం, కండరాలు పట్టు తప్పడం, బీపీ పడిపోవడం, గుండె వేగం తగ్గడం కనబడతాయి.

సల్ఫేట్ ద్రావణాలు, సల్ఫేట్ మాత్రలు గాఢంగా ఉంటాయి కాబట్టి ఒంట్లోంచి నీటిని లాగుతాయి. వెంట తాగమన్న నీళ్ళు ఒక్క గ్లాసు కూడా ఎగ్గొట్టనివాళ్ళకు బాగానే పనిచేస్తాయి. 71 ఏళ్ళ మనిషి, థయజైడ్ వాడుతున్న మనిషి అలా తాగగలడా అన్నది వేరే ప్రశ్న.

ఇంకొక్క మాట, అన్నింటికంటే ముందు చూడాల్సింది. రక్తం తగ్గడం, మలబద్ధకం రెండూ ఉన్నప్పుడు పేగులో ఎక్కడైనా దారి ఇరుకైందేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉండాలి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉండటం, గ్యాస్ కూడా పోకపోవడం, ఆగకుండా వాంతులు, ఈ మధ్యే మలం సన్నటి రిబ్బన్లా రావడం: వీటిలో ఏది ఉన్నా మందు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చెప్పాలి. దారి మూసుకుపోయిన పేగులోకి పైనుంచి లీటర్ల కొద్దీ పంపితే పేగు చిట్లే ప్రమాదం ఉంది. అప్పుడు ఏ బ్రాండ్ పౌడర్ అయినా ఒకటే.

ఈ వారంలో ఒకసారి సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూపించండి. థయజైడ్ వాడేవాళ్ళలో సోడియం, పొటాషియం ముందునుంచే తక్కువగా ఉండటం మామూలే. ఉంటే సరిచేసుకుని మొదలుపెట్టడం తేలిక.

---

జవాబు: క్లినికల్ ఫార్మసిస్ట్

రెండో ప్రశ్నకు. ఇది పట్టుకెళ్ళి మీ డాక్టరుతో సరిచూసుకోండి, మీ అంతట మీరే ఆపేయడానికి కాదు. నాన్నగారి మందుల్లో ముందుగా గడువు మించిపోయేవి ముందు చెబుతాను.

ఐరన్: ఇవాళే ఆపాలి. పరీక్షకు కనీసం 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటాం. ఐరన్ వల్ల మలం నల్లగా, జిగురుగా మారి పేగు గోడకు అంటుకుంటుంది. ఎంత పెగ్ తాగినా కడిగినా వదలదు. మీకు ఎనిమిది రోజులుంది కాబట్టి ఆలస్యం కాలేదు.

డాపాగ్లిఫ్లోజిన్: చాలా కాగితాల్లో దీని ఊసే ఉండదు, ప్రమాదమేమో ఇందులోనే ఉంది. ఈ వర్గం మందులు మూత్రంలోకి చక్కెరను వదిలిస్తాయి. తిండి మానేసి, నీరు తగ్గిన పరిస్థితిలో ఒళ్ళు కొవ్వును కాల్చడం మొదలుపెట్టి కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలు పేరుకుంటాయి, దాన్నే కీటోఅసిడోసిస్ అంటారు. మామూలు కీటోఅసిడోసిస్‌లో షుగర్ 300, 400 దాటుతుంది, ఎవరైనా గుర్తుపడతారు. ఇందులో షుగర్ 150, 180 ఉండగానే రక్తం ఆమ్లంగా మారొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసపు శ్వాస వస్తాయి, ఇంట్లోవాళ్ళు "మందు పడలేదు" అనుకుని ఊరుకుంటారు. ఆపరేషన్లకు ముందు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ కనీసం 3 రోజులు, ఎర్టుగ్లిఫ్లోజిన్ 4 రోజులు ఆపాలని ఎఫ్‌డీఏ 2020లో లేబుళ్ళు మార్పించింది. కొలనోస్కోపీలోనూ తిండి మానడం, నీరు పోవడం ఉన్నాయి కాబట్టి అదే లెక్క పాటిస్తారు. పరీక్ష గురువారం అంటే చివరి మాత్ర ఆదివారం. సోమ, మంగళ, బుధవారాల్లో వద్దు. ఆ మూడు రోజులూ షుగర్ కాస్త పెరిగితే కంగారు పడక్కర్లేదు. చాలాసార్లు ఈ మందు మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఒకే మాత్రగా వస్తుంది. స్ట్రిప్ మీద రెండు పేర్లున్నాయేమో చూడండి.

గ్లిమెపిరైడ్: తినకపోయినా షుగర్‌ను కిందికి తోసే మందు. కిడ్నీ తక్కువగా పనిచేస్తే దాని ప్రభావం ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. బుధవారం ఘనాహారం ఆపిన పూట నుంచి వేయకుండా ఉండటమే మామూలుగా చెప్పేది. మెట్‌ఫార్మిన్ కూడా ద్రవాలు మాత్రమే తాగే రోజు, పరీక్ష రోజు ఆపుతారు.

టెల్మిసార్టాన్, థయజైడ్ మాత్ర: ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తప్రవాహాన్ని కాపాడుకోవడానికి వాడే ఉపాయాన్ని టెల్మిసార్టాన్ అడ్డుకుంటుంది. థయజైడ్ ఉప్పును, నీటిని బయటికి తోస్తుంది. డైక్లోఫెనాక్ మూడో దెబ్బ. ఈ మూడూ, విరేచనాలూ కలిస్తే క్రియాటినిన్ గబుక్కున పెరుగుతుంది. కాబట్టి డైక్లోఫెనాక్ ఇప్పటినుంచే వద్దు, నొప్పికి పారాసెటమాల్ చాలు. బీపీ మాత్ర మందు తాగే రోజున, పరీక్ష రోజున ఆపి, తినడం తాగడం మామూలయ్యాక మొదలుపెట్టడం కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు సాధారణ సలహా. మూడు రోజుల వరకు ఆపించే డాక్టర్లూ ఉన్నారు.

అన్ని బీపీ మాత్రలూ ఇలా కాదు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం: అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటివి హఠాత్తుగా ఆపకూడదు. ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్ర, స్టెరాయిడ్లు కూడా ఆపకూడదు. లిథియం వాడేవాళ్ళు విరేచనాల మందు తాగే ముందు తప్పనిసరిగా డాక్టరుతో మాట్లాడాలి, నీరు తగ్గితే రక్తంలో దాని స్థాయి పెరిగి విషమవుతుంది. ఆస్పిరిన్ సాధారణంగా కొనసాగిస్తారు. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి ఎవరికి ఆపాలో, ఎన్ని రోజులో గుండె డాక్టరు చెప్పాలి. స్టెంట్ ఉన్నవాళ్ళు ఫోరమ్‌లో చదివి ఆపితే పేగులో రక్తస్రావం కంటే పెద్ద ప్రమాదం వచ్చిపడుతుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళలో టైప్ 1 ఉంటే బేసల్ ఇన్సులిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసేది) పూర్తిగా ఎప్పుడూ మానకూడదు, మోతాదు మాత్రమే తగ్గిస్తారు.

తప్పనిసరిగా వేసుకోవాల్సిన మాత్ర ఏదైనా ఉంటే పెగ్ మొదలుపెట్టడానికి గంట కంటే ముందే వేసేయండి. ఆ తర్వాత వేస్తే రక్తంలోకి చేరకుండానే విరేచనంలో పోవచ్చు.

షుగర్ రోగులు చేసే ఇంకో పొరపాటు, ఆ రోజు కూడా "చక్కెర లేనివే" తాగడం. తిండి లేని రోజున కొంత చక్కెర ఒంటికి అవసరం. గుజ్జు లేని యాపిల్ జ్యూస్, చక్కెర వేసిన పాలు లేని టీ, గ్లూకోజ్ నీళ్ళు మధ్యమధ్య ఇవ్వండి. నాలుగు గంటలకోసారి షుగర్ చూడండి. 70 కంటే తగ్గితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి ఇచ్చి 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. ఇది రాత్రి రెండు గంటలకు జరిగినా ఇవ్వాల్సిందే. పరీక్షకు రెండు గంటల లోపు జరిగితే మాత్రం హాస్పిటల్‌కు ఫోన్ చేయండి, నోట్లో ఏం పోసినా మత్తు డాక్టరుకు తెలియాలి.

---

జవాబు: ఎండోస్కోపీ సిస్టర్

మూడో ప్రశ్నకు జవాబు: వద్దండి, మొత్తం సాయంత్రమే తాగించకండి. రాత్రంతా చిన్నపేగు నుంచి పైత్యరసం, జిగురు దిగుతూనే ఉంటాయి. సాయంత్రం అద్దంలా శుభ్రమైన పేగు కుడివైపు భాగంలో పొద్దుటికి పసుపు పొర పడుతుంది. చదునుగా ఉండే పాలిప్స్ (పేగు గోడ మీద పెరిగే చిన్న గడ్డలు) ఆ కుడివైపే ఎక్కువ దాక్కుంటాయి. అందుకే సగం ముందు సాయంత్రం, సగం పరీక్ష రోజు. రెండో సగం పరీక్షకు 4 నుంచి 6 గంటల ముందు మొదలుపెట్టాలి, కనీసం 2 గంటల ముందు పూర్తవాలి. సగానికి విడగొడితే వాంతి కూడా తక్కువ, ఒక్కసారిగా నీరు తిరగడమూ తక్కువ.

11 గంటల పరీక్షకు ఇలా వేసుకోండి. బుధవారం సాయంత్రం 6కు మొదటి సగం. గురువారం పొద్దున 5.30కి రెండో సగం, 7.30కల్లా అయిపోవాలి. కొంచెం ఆలస్యమైనా 9 దాటకూడదు. 9 తర్వాత నోట్లో ఏమీ వద్దు, నీళ్ళు కూడా.

240 మి.లీ. గ్లాసు ఒకటి, 15 నిమిషాలకోసారి. గుక్కగుక్కా గంటసేపు చప్పరించడం కంటే గ్లాసు ఒక నిమిషంలో తాగేసి ఆగడం తేలిక. చల్లగా ఉంటే ఉప్పదనం తక్కువ తెలుస్తుంది, స్ట్రా నాలుక వెనక్కి పెట్టుకుంటే ఇంకా తక్కువ. మొదటి విరేచనం సాధారణంగా గంటకు అటూఇటూ వస్తుంది. ఆలోగా పొట్ట ఉబ్బరంగా, వికారంగా ఉంటే 30 నిమిషాలు ఆపి, నాలుగడుగులు నడిపించి, మళ్ళీ 20, 30 నిమిషాలకో గ్లాసు చొప్పున మొదలుపెట్టండి. "ఎలాగైనా టైముకి అవ్వాలి" అని వికారం మీద తాగిస్తేనే వాంతి అవుతుంది. బలంగా వాంతులైతే అన్నవాహిక అడుగున చీరుకుపోయి రక్తం పడొచ్చు.

పౌడర్ కలపడం దగ్గరే సగం తప్పులు. చెప్పినంత నీళ్ళు కొలిచి పోయాలి. "రెండు లీటర్లు తాగలేరు, లీటరులో కలిపేద్దాం" అంటే ఆ ద్రావణం గాఢమై ఒంట్లో నీటిని లాగేస్తుంది, పెగ్ వాడిన లాభమే పోతుంది. అడుగున పొడి పేరుకోకుండా పూర్తిగా కరిగేదాకా కలపాలి. రుచి కోసం చక్కెర, తేనె కలపకండి. పేగులో సూక్ష్మజీవులు చక్కెరను పులియబెడితే హైడ్రోజన్, మీథేన్ పుడతాయి. పాలిప్‌ను కరెంటు తీగతో కోసేటప్పుడు ఆ గ్యాస్ అంటుకునే అవకాశం ఉంది. ఇది ఊహ కాదు, మానిటాల్ అనే చక్కెరలాంటి పదార్థంతో పేగు శుభ్రం చేసిన రోగికి పాలిప్ తీస్తుండగా పేలుడు జరిగి ప్రాణం పోయిన కేసు 1979లో వైద్య పత్రికలో వచ్చింది. ఆ తర్వాతే మానిటాల్ మీద నమ్మకం పోయింది. కలిపిన ద్రావణం ఫ్రిజ్‌లో పెట్టి, ప్యాకెట్ మీద చెప్పిన గడువులోపు వాడేయండి.

రెండు లీటర్లా, నాలుగు లీటర్లా అన్నది అడగాల్సిన ప్రశ్న. మలబద్ధకం, షుగర్, వయసు మూడూ కలిస్తే రెండు లీటర్లతో పేగు శుభ్రం కాకపోవడం మామూలే. అలాంటివాళ్ళకు 4 లీటర్లు, రెండు రెండుగా ఇస్తారు. రెండు లీటర్ల పౌడర్లలో కొన్నింట్లో ఆస్కార్బిక్ ఆమ్లం, అంటే విటమిన్ సి, చాలా ఎక్కువ మోతాదులో ఉంటుంది. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకు అది పనికిరాకపోవచ్చు, ఉంటే చెప్పాలి. మలబద్ధకం తగ్గడానికి బిసాకోడిల్ మాత్రలు మీ అంతట మీరు కలపకండి. పెగ్‌తో కలిపి వాడినప్పుడు పేగుకు రక్తం తగ్గి పుండైన సందర్భాలున్నాయి, పెద్దవాళ్ళలో ముఖ్యంగా. డాక్టరు చూసి రాస్తే వేరు.

తిండి: మామూలు వాళ్ళకు ఒక్క రోజు పథ్యం చాలు. నాన్నగారికి మాత్రం సోమవారం నుంచే గింజలు, తొక్కలు, పచ్చి కూరలు, పీచు మానిపించండి. బుధవారం పొద్దున తేలికగా తిని, ఆ తర్వాత ద్రవాలే. వెలుతురులో పట్టుకుంటే అవతలిది కనబడేదే ద్రవం కింద లెక్క, పాలు కావు. ఎరుపు, ఊదా రంగు పానీయాలు వద్దు, లోపల చూసినప్పుడు రక్తంలా ఉంటాయి.

చివరి విరేచనం మూత్రంలా పసుపుగా, పారదర్శకంగా ఉండాలి. అడుగు కనబడుతుంటే సరి. మట్టి రంగులో చిక్కగా ఉంటే బయల్దేరే ముందే ఫోన్ చేయండి. అక్కడికి వచ్చాక తెలిస్తే పరీక్ష వాయిదా, ఈ తతంగమంతా మళ్ళీ మొదట్నుంచి.

ఇంకోటి, పెద్దవాళ్ళకు ఆ రాత్రి ఎక్కువగా జరిగే ప్రమాదం పడిపోవడం. బీపీ తగ్గి, నిద్రమత్తులో, తొందరగా బాత్రూమ్‌కు లేస్తారు. దారిలో లైటు ఉంచండి, తడి లేకుండా చూడండి, లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చోమనండి, పక్కన ఒకరు పడుకోండి. మలద్వారం చుట్టూ ముందే పెట్రోలియం జెల్లీ రాస్తే ఒరుసుకుపోదు.

---

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండి. ప్యాకెట్ చూశాను, పెగ్ అనీ ఎలక్ట్రోలైట్స్ అనీ ఉంది, విటమిన్ సి లేదు. డాపాగ్లిఫ్లోజిన్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, రేపు డాక్టర్ని అడుగుతాను. నాలుగో ప్రశ్న మిగిలింది. పైగా మా చుట్టాలాయన ఒకరు "పెగ్ కాకుండా మూడు నాలుగు లీటర్లు మంచినీళ్ళు తాగిస్తే కిడ్నీకి మంచిది" అంటున్నారు. నాన్నగారికి నీళ్ళు తాగేటప్పుడు అప్పుడప్పుడు పొలమారుతుంది కూడా. అది చెప్పాలా?

---

జవాబు: కిడ్నీ డాక్టర్

చుట్టాలాయన మాట వినకండి. నీరు తగ్గడం ఎంత ప్రమాదమో, వట్టి నీళ్ళు ముంచెత్తడం కూడా అంతే ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ కూడా గంటకు 800 మి.లీ. నుంచి లీటరు వరకే అదనపు నీటిని బయటికి పంపగలదు. నాన్నగారి కిడ్నీ అంత చేయలేదు. పైగా వికారం వచ్చినప్పుడు మెదడు నీటిని పట్టి ఉంచే హార్మోన్ వదులుతుంది. థయజైడ్ కూడా ఒంట్లో ఉంటే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టలేకపోవడం, చివరికి ఫిట్స్. ఈ మందు తాగే రోజు పెద్దాయన అయోమయంగా మాట్లాడితే "నీరసం" అనుకుని ఇంకో రెండు గ్లాసుల మంచినీళ్ళు పట్టడం చాలామంది చేసే పని, చేయకూడని పని కూడా అదే. వెంటనే హాస్పిటల్‌కు తీసుకెళ్ళి సోడియం చూపించాలి.

కాబట్టి పెగ్ కాకుండా పైన తాగేది లెక్కగా ఉండాలి. ప్రతి సగం తర్వాత అర లీటరు, మధ్యలో దాహమైనంత. అందులో కనీసం సగం వట్టి నీళ్ళు కాకుండా ఓఆర్ఎస్, వడకట్టిన ఉప్పు సూప్ వంటివి అయితే మేలు. ఓఆర్ఎస్ కూడా చెప్పిన కొలతకే కలపండి. అందులో గ్లూకోజ్, పొటాషియం ఉంటాయి. రక్తపరీక్షలో పొటాషియం ఎక్కువగా ఉందని వస్తే ఓఆర్ఎస్ మాట మీ డాక్టరుతో తేల్చుకోండి. గుండె ఫెయిల్యూర్ ఉండి రోజుకు ఇంతే తాగాలని కట్టడి ఉన్నవాళ్ళకు ఈ అర లీటరు లెక్క కూడా వర్తించదు.

మూత్రం రంగు చూడండి. లేత పసుపైతే బాగుంది. ఆరేడు గంటలు మూత్రమే రాకపోతే, నిలబడితే కళ్ళు తిరిగితే నీరు తగ్గినట్టు.

---

జవాబు: క్లినికల్ ఫార్మసిస్ట్

పొలమారడం తప్పకుండా చెప్పాలి. పెగ్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే తీవ్రమైన ఇబ్బంది వస్తుంది. ఎప్పుడో ఒకసారి, తొందరగా తాగినప్పుడు మాత్రమే అయితే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న గుక్కలుగా తాగించండి. సిస్టర్ గారు చెప్పిన "నిమిషంలో గ్లాసు" నాన్నగారికి వద్దు. తాగిన వెంటనే పడుకోబెట్టకండి, నిద్రమత్తులో ఉండగా అసలు పట్టకండి. తరచుగా అవుతుంటే, తాగాక గొంతు తడిగా గరగరలాడుతుంటే మింగే పరీక్ష చేయించాకే మందు.

దీనికి సంబంధించి చాలామందికి తెలియనిది ఒకటుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకు ద్రవాలు చిక్కబరిచే పొడి ఇస్తారు కదా, ఆ పొడి పిండిపదార్థంతో చేసిందైతే పెగ్‌లో కలిపినప్పుడు చిక్కదనం నిలవదు. ద్రవం మళ్ళీ నీళ్ళలా పలచబడిపోతుంది. చిక్కగా ఉందనుకుని పట్టిస్తే అది నేరుగా గాలిగొట్టంలోకి పోతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో దీని మీద ప్రత్యేకంగా హెచ్చరించింది.

---

జవాబు: ఎండోస్కోపీ సిస్టర్

నా గ్లాసు లెక్క మామూలుగా మింగగలిగేవాళ్ళకు, ఫార్మసిస్ట్ గారు అన్నది కరెక్ట్. చిన్న గుక్కలతో తాగితే సమయం పెరుగుతుంది కాబట్టి సాయంత్రం 6 బదులు 5కు, పొద్దున 5.30 బదులు 5కు మొదలుపెట్టండి. పరీక్ష రోజు డాక్యుమెంట్లతో పాటు ఏ మాత్ర చివరగా ఎప్పుడు వేశారో ఒక కాగితం మీద రాసి తెండి. డాపాగ్లిఫ్లోజిన్ చివరి తేదీ, పొద్దున షుగర్, చివరగా ఎన్నింటికి ఏం తాగారు: మత్తు డాక్టరు అడిగేవి ఇవే. డాపాగ్లిఫ్లోజిన్ పొరపాటున వేసేసి ఉంటే దాచకండి, అక్కడే కీటోన్ చూస్తారు.

ఇంట్లో ఉండగా ఎప్పుడు ఆపి పరుగెత్తాలంటే: పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి తగ్గకపోవడం, వాంతిలో గానీ విరేచనంలో గానీ రక్తం, స్పృహ తప్పడం, గుండె దడ ఆగకపోవడం, రెండు మూడు గంటలు తాగినా ఒక్క విరేచనం కూడా రాకుండా పొట్ట ఉబ్బుతూ పోవడం. ఒక వాంతి అయి, తర్వాత సర్దుకుంటే కంగారు లేదు. అరగంట ఆగి కొనసాగించండి. ఎంత వాంతి అయిందో అంత మళ్ళీ తాగించాల్సిన పని లేదు, చివరి విరేచనం రంగు చూసి చెబుతాం.

---

ప్రశ్న అడిగినవారు

పరీక్ష అయ్యాక మందులు మళ్ళీ ఎప్పుడు?

---

జవాబు: కిడ్నీ డాక్టర్

మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మామూలు భోజనం మొదలైన పూట నుంచి. డాపాగ్లిఫ్లోజిన్ ఒక రోజు ఆలస్యమైనా నష్టం లేదు, తిండి నీళ్ళు పూర్తిగా మామూలయ్యాకే. బీపీ మాత్ర ఇంట్లో బీపీ చూసి, వాంతులు విరేచనాలు ఆగాక. బీపీ పై అంకె 110 దగ్గరే ఉంటే ఇంకో రోజు ఆగి డాక్టరుకు ఫోన్ చేయండి. పాలిప్ తీసి ఉంటే ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలో అక్కడే అడగండి. మలం నల్లబడితే అది ఐరన్ వల్లా, రక్తం వల్లా అన్నది తేల్చుకోవడం కష్టం. డైక్లోఫెనాక్ జోలికి ఈ క్రియాటినిన్‌తో పరీక్ష తర్వాత కూడా వెళ్ళొద్దు. వారం తర్వాత క్రియాటినిన్, సోడియం, పొటాషియం ఒకసారి చూపించి, ముందు రిపోర్టు పక్కన పెట్టి పోల్చండి.